ముక్కు చెప్పిన మూడు అబద్ధాలు

పదకొండో భాగం

పోయిన వారం మనం అల్లుణ్ణి ఓ కారు బానెట్ కింద తల దూర్చిన భంగిమలో వదిలేసి ఎవరి పనులకి వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, వారం రోజులు అలా వంగే ఉన్నాడు. అతని నడుముకి ముందుగా క్షమాపణలు చెప్పుకుందాం. మరిచిపోయిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి, ఆ తర్వాత అతన్ని కదులుద్దాం.

ఈ షెడ్డు అతని మామగారిది. ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అంటారు. నలభై ఏళ్ళుగా బండి ముందు వంగి, ఒక్క పీల్పు పీల్చి, జబ్బేమిటో చెప్పడం ఆయన వృత్తి. వాసన పట్టడంలో ముక్కుసూటి మనిషి, కోపం కూడా అక్కడే పెట్టుకుంటాడు. షెడ్డు బోర్డు మీద ఆయన పేరు లేదు, ముక్కు బొమ్మ ఉంది. లోపల చట్టం ఒక్కటే: ఆ ముక్కు తీర్పు చెప్పాక బండికి మీటరు పెట్టకూడదు, ఇంకొకరు ముక్కు పెట్టకూడదు.

టాక్సీ అక్క కారు మూడు వారాల్లో మూడుసార్లు వచ్చింది. వెనక నుంచి నల్లటి పొగ. పెట్రోలు తాగుడు. ఇంజన్ వేడెక్కాక ఆపితే మళ్ళీ స్టార్ట్ అవనని మొండికేయడం. మొదటిసారి మేస్త్రి ముక్కు పెట్టి ప్లగ్గులన్నాడు, మార్చారు. రెండోసారి పంపన్నాడు, పంపు మార్చి పంపించారు. మూడోసారి సెన్సరన్నాడు. సెన్సరు మారింది గానీ పొగకి సెన్సారు పడలేదు. మూడుసార్లూ బిగించినవి అల్లుడి చేతులు కాబట్టి, తప్పు చేతులదేనని షెడ్డు తీర్మానించింది. షెడ్డంటే మామ, అల్లుడు, కౌంటరు దగ్గర కూర్చునే మామగారి చిన్నమ్మాయి. చిన్నమ్మాయి అల్లుడికి భార్య అయినా, ఓటు మాత్రం పుట్టింటి నియోజకవర్గంలోనే ఉంది. తీర్మానం రెండుకి ఒకటి, అంటే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది.

శిక్ష కూడా ఆవిడే ఖరారు చేసింది. ఒంటిగంటకి టాక్సీ అక్క వస్తుంది. ఆలోపు బండి బాగవకపోతే, లేదా బాగయి తప్పు అతనిదేనని తేలితే, రేపట్నుంచి అతను ఇంజన్ ముట్టుకోకూడదు. మూల కూర్చుని పంక్చర్లు వేసుకోవాలి.

ఇప్పుడు టైము పదకొండున్నర. మేస్త్రి నాలుగో సామాను కోసం విడిభాగాల కొట్టుకి వెళ్ళాడు. అల్లుడు గోడ గడియారం చూశాడు, కౌంటరు వైపు చూశాడు, మళ్ళీ గడియారం చూశాడు. మధ్యలో గడియారం ఏమీ మారలేదు, అతనికి చెమట పట్టడం తప్ప. అప్పుడు టూల్ పెట్టె అడుగు నుంచి ఓ పాత చొక్కాలో చుట్టిన వస్తువు తీశాడు. ప్రెజర్ గేజి. రెండేళ్ళ క్రితం కొని, మామకి కనబడకుండా దాచుకున్నాడు. దొంగసొత్తు కూడా అంత భద్రంగా ఎవరూ దాచరు.

ఇంజన్ మీద ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే సన్నటి పైపొకటి ఉంటుంది. దాని చివర మూతంత డబ్బా, పేరు ప్రెజర్ రెగ్యులేటరు. పంపు అవసరానికి మించి తోసే పెట్రోల్ని ఇది వెనక్కి, ట్యాంకులోకి పంపేస్తుంది. ఒత్తిడి లేకపోతే బండి కదలదు, ఎక్కువైతే బండి తాగుబోతవుతుంది. ఆ రెండింటి మధ్య కాపలా ఉండేది ఈ డబ్బా. లోపల పల్చటి రబ్బరు పొర. నెత్తిన సన్నటి గొట్టం. ఆ గొట్టం ఇంజన్ గాలి పీల్చుకునే దారిలోకి పోతుంది. అందులో ఉండాల్సింది గాలి ఒక్కటే.

అల్లుడు గేజి బిగించి ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఇంజన్ నిలకడగా నిలబడలేదు. పెద్దమనిషి కుర్చీలో ఇటూ అటూ సర్దుకున్నట్టు లేస్తూ, పడుతూ, మళ్ళీ లేస్తూ ఉంది. గేజి ముల్లు వణుకుతోంది. రెగ్యులేటరు నెత్తి మీది గొట్టం ఊడదీస్తే ముల్లు టక్కున పైకెగరాలి. ఊడదీశాడు. ముల్లు కదల్లేదు. ఇంజన్ ఆపేస్తే ఒత్తిడి కాసేపైనా నిలబడాలి. ఆపాడు. ముల్లు నిచ్చెన మెట్లు దిగినట్టు దిగి, సున్నా దగ్గర కూలబడింది.

గొట్టం ఇంకా అతని చేతిలోనే ఉంది. దాన్ని మామ మూడు వారాల్లో మూడుసార్లు వాసన చూసి, గాలే ఉందని తేల్చాడు. అల్లుడు దాన్ని వంచాడు. చివర ఓ చుక్క ఉబ్బింది. జారి అతని బొటనవేలి మీద పడింది. చల్లగా ఉంది. వెనకే ఇంకో చుక్క.

అతను గబగబా ఆయిలు పుల్ల లాగి చూశాడు. ఆయిలు ఉండాల్సిన గీత కంటే అరంగుళం పైనుంది. ఇంజన్లో ఆయిలు తరుగుతుంది గానీ పెరగదు. వేళ్ళ మధ్య రాస్తే నీళ్ళలా పల్చగా జారింది. లోపల పొర చిరిగిపోయింది. ముందు గుమ్మంలో ఇంజెక్టర్లు కొలిచి పోస్తుంటే, దొడ్డిదారిన ఈ గొట్టం కొలత లేకుండా పోస్తోంది. కాలినంత పొగయింది, కాలనిది ఆయిల్లోకి దిగింది. పొర చిరిగింది ఇంజన్లో, పొరపొచ్చాలు వచ్చింది షెడ్డులో.

"అల్లుడుగారూ."

మామ అల్లుణ్ణి మామూలుగా అల్లుడూ అంటాడు. గారు తగిలించాడంటే కొంపకి నిప్పంటుకున్నట్టే. గుమ్మంలో మేస్త్రి, చంకలో అట్టపెట్టె, కళ్ళు గేజి మీద.

"ఏంటది? స్టెతస్కోపా? ఎంబీబీఎస్ ఎప్పుడు చేశారు తమరు?"

"గేజి మామయ్యా. ఒత్తిడి చూశాను."

"నాకు పెరిగింది చూడు, అది కూడా చూసి చెప్పు." మేస్త్రి అట్టపెట్టె బెంచి మీద పడేశాడు. "ఇంజెక్టర్లు తెచ్చాను. ఆ బొమ్మ పీకేసి ఇవి బిగించు."

"ఇంజెక్టర్లు కాదు. రెగ్యులేటరు పోయింది. పొర చిరిగింది. ఈ గొట్టంలోంచి పెట్రోలొస్తోంది."

"ఆ గొట్టం నేను మూడుసార్లు చూశాను."

"చూశారు."

"మూడుసార్లూ గాలన్నాను."

"అన్నారు."

"మరి నువ్వే గొట్టంగాడివని నాలుగోసారి చూశావు?"

పెళ్ళయిన ఆరేళ్ళలో మామకి ఎదురు చెప్పిన సందర్భాలు అల్లుడికి వేళ్ళ మీద లెక్కపెట్టే అవసరం కూడా రాలేదు, లేవు కాబట్టి. ఊడదీసిన గొట్టం కొసని వేళ్ళతో పట్టుకుని మామ ముక్కు కిందికి తెచ్చాడు.

"ఇంకొక్కసారి చూడండి."

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఆయన వాసన చూడ్డం ఓ వేడుక. తల కొద్దిగా పక్కకి వాలుతుంది, కనుబొమలు దగ్గరవుతాయి, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి. బళ్ళ వాళ్ళు ఆ క్షణంలో మాట్లాడ్డం మానేస్తారు. ఆయన గాఢంగా పీల్చాడు. గొట్టం చివర ఉబ్బిన చుక్క జారి ఆయన మీసం మీద పడింది. నెరిసిన మీసంలోంచి పై పెదవి మీదికి పాకింది. ఆయన మళ్ళీ పీల్చాడు.

"గాలి," అన్నాడు. "ఉత్త గాలి."

అల్లుడు ఆ మీసం వంకే చూస్తూ ఉండిపోయాడు. పెట్రోలు తడికి మీసం మెరుస్తోంది. ఇందాకటి చుక్క అతని బొటనవేలి మీద ఉన్నప్పుడే చేయంత దూరం నుంచి ముక్కుపుటాలు మండాయి. ఇది ముక్కుకి వేలెడు కింద ఉంది.

"మామయ్యా," అన్నాడు మెల్లగా. "మీసం తుడుచుకోండి."

మేస్త్రి కళ్ళు తెరిచాడు. చేత్తో మీసం తడుముకున్నాడు. వేళ్ళు చూసుకున్నాడు. తడి. ఆ వేళ్ళని అలవాటు కొద్దీ ముక్కు దగ్గరికి తీసుకెళ్ళబోయి, సగంలో ఆపేశాడు.

కౌంటరు దగ్గర ఫోను మోగింది. చిన్నమ్మాయి ఎవరికో "ఒంటిగంటకి రెడీ అయిపోతుందక్కా, మా నాన్న చూస్తున్నాడు," అని చెప్తోంది. ఆ మాట షెడ్డంతా తిరిగి ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

మేస్త్రి అల్లుడి మోచెయ్యి పట్టుకుని వెనక సామాన్ల గదిలోకి లాక్కెళ్ళాడు. పాత టైర్లు, బెల్టులు, రేకు డబ్బాలు. ఇద్దరికి సరిపడా చోటు లేదు. సంగతి పెద్దది, గది చిన్నది. తలుపు దగ్గరగా వేసి ఓ టైరు మీద కూర్చున్నాడు మేస్త్రి.

"ఎప్పట్నుంచి?" అన్నాడు అల్లుడు.

"పోయినేడు జ్వరం వచ్చింది చూడు. అది పోతూ పోతూ దీన్ని పట్టుకుపోయింది. వస్తుందిలే అనుకున్నా. రోజూ పొద్దున్నే లేచి సబ్బు వాసన చూసేవాణ్ణి. రాయిని చూసినట్టుండేది."

"ఏడాదా?"

"ఏడాదీ రెండు నెలలు."

"మరి ఇన్నాళ్ళూ ఎలా చెప్పారు? పోయిన నెల దాకా ఒక్కటీ తప్పు పోలేదే."

మేస్త్రి టైరు మీది దుమ్ముని గోరుతో గీకడం మొదలుపెట్టాడు. "మీ అత్తయ్య."

"అత్తయ్యేంటి?"

"టీ తెచ్చేది కదా. తెచ్చి మేడ మెట్ల దగ్గర నిలబడేది కదా. నేను వంగి ముక్కు పెట్టగానే, పెట్రోలు వాసనొస్తే ఒకసారి దగ్గేది. ఆయిలు మాడితే రెండుసార్లు. రేడియేటరు నీళ్ళు కారితే తుమ్మేది."

అంటే ఇంతకాలం షెడ్డుకి అసలు ముక్కు మెట్ల మీద టీ గ్లాసుతో నిలబడింది.

"ఆ దగ్గుకి ఆవిణ్ణి ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్ళాను నేను," అన్నాడు అల్లుడు.

"తెలుసు."

"మందు తాగించాను. రెండు సీసాలు."

"తాగింది. చేదని ఏడ్చింది, నీ మీద గౌరవంతో తాగింది."

"ఎక్స్‌రే తీయించాను మామయ్యా."

"బాగానే వచ్చింది కదా, ఇంకేం."

నవ్వొచ్చే మాటే. ఇద్దరిలో ఎవరికీ రాలేదు. బయట గోడ గడియారం టకటకమంటోంది. అల్లుడు మనసులో వారాలు లెక్కేశాడు. అత్తయ్య పెద్దమ్మాయి పురిటికి వెళ్ళి మూడు వారాలు. టాక్సీ అక్క బండి మొదటిసారి వచ్చి మూడు వారాలు.

"ఆవిడ లేకుండా ఎలా చెప్పారు?"

"పొగ కంటికి కనబడింది, ప్లగ్గులన్నాను. తర్వాత ఊహించాను. మేస్త్రి అన్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా. ఎదురుగా మనిషి నా ముక్కు వంకే చూస్తూ ఉంటే, తెలీదని ఎలా చెప్పను?"

"తప్పు నా చేతులదని చెప్పారు కదా. అదెలా చెప్పారు?"

మేస్త్రి తల దించుకున్నాడు. ఈ ప్రశ్నకి దగ్గినవాళ్ళు ఎవరూ లేరు.

"చిన్నదానికి చెప్పకు," అన్నాడు. "తెలిసిందంటే నన్ను పైన కూర్చోబెట్టేస్తుంది. దుప్పటి కప్పి, టీవీ పెట్టి, చేతిలో రిమోటు పెట్టి. ఎల్లుండి మీ అత్తయ్య వచ్చేస్తుంది. రెండు రోజులు. ఈ రెండు రోజులు నోరు కుట్టేసుకో అల్లుడూ."

గారు లేదు. పైగా ఆ గొంతులో ఇంతకు ముందెప్పుడూ వినని తడి ఏదో ఉంది. మీసానికంటిన తడి కాదది. అల్లుడు సరేననలేదు, కాదనలేదు. తలుపు తీసుకుని బయటికొచ్చి విడిభాగాల కొట్టుకి ఫోన్ చేశాడు.

కొత్త రెగ్యులేటరు అరగంటలో స్కూటరెక్కి వచ్చింది. ఆ అరగంటలో అల్లుడు పెట్రోలు కలిసిన ఆయిలు తీసేసి కొత్తది పోశాడు, ప్లగ్గులు విప్పి మసి తుడిచాడు, గొట్టం మార్చాడు. పాత డబ్బా ఊడదీసి కొత్తది బిగించి గేజి చూశాడు. గొట్టం పీకగానే ముల్లు ఎగిరింది. పెట్టగానే దిగింది. ఇంజన్ ఆపాడు, ముల్లు నిలబడింది. మూడు వారాల్లో ఆ షెడ్డులో తన మాట మీద నిలబడిన మొదటి ప్రాణి ఆ ముల్లే. మేస్త్రి ఈ పనంతా బెంచి మీద కూర్చుని చూశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, మధ్యలో రెండుసార్లు లేచి, ఎటు వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

పన్నెండూ యాభైకే టాక్సీ అక్క దిగింది. అరవై బళ్ళున్న టాక్సీ స్టాండులో ఆవిడ మాటకి హారను కంటే విలువెక్కువ.

"ఏం తమ్ముడూ, ఈసారేం మార్చారు? డ్రైవర్ని, నన్నొక్కదాన్నే మార్చలేదు నువ్వు."

"స్టార్ట్ చేసి చూడక్కా."

చేసింది. పొగ లేదు. వీధి చివరిదాకా తిప్పి తెచ్చింది. ఇంజన్ వేడెక్కింది. ఆపింది. మళ్ళీ తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే అందుకుంది. ఇంకోసారి ఆపి, ఇంకోసారి తిప్పింది. నమ్మకం లేని మనిషి తలుపు గడియ రెండోసారి లాగి చూసుకున్నట్టు.

"బాగుంది," అంది దిగి. "పొగ పోయింది, ఇక పొగడ్తే మిగిలింది. అంతకు ముందు ఒకటి చెప్పండి. మూడు వారాలుగా నా బండి స్టాండుకీ ఇక్కడికీ తప్ప ఎటూ తిరగలేదు. మా స్టాండులో బోర్డుంది, మీకు తెలుసు. చేయి పెట్టనివ్వకూడని మెకానిక్కు పేరు దాని మీద రాస్తాం. ఎవరిది తప్పో చెప్తే ఆ ఒక్క మనిషి పేరు రాస్తాను. చెప్పకపోతే షెడ్డు పేరు రాస్తాను. మేస్త్రీ, నువ్వు చెప్పు."

మేస్త్రి నోరు తెరిచాడు. చిన్నమ్మాయి కౌంటరు వెనక నుంచి లేచి నిలబడింది. మేస్త్రి చూపు కూతురి మీద పడింది, అక్కణ్ణుంచి మెట్ల మీదికి పోయింది, మెట్ల మీద ఎవరూ లేరు.

"నాదేనక్కా," అన్నాడు అల్లుడు. "గొట్టం నేను సరిగ్గా చూడలేదు."

ఎందుకన్నాడో అతనికే తెలీదు.

"మూడుసార్లు ముక్కు పెట్టి చెప్పాడు మా నాన్న," అంది చిన్నమ్మాయి. గొంతు పెంచలేదు. పెంచితే కాస్త తేలికగా ఉండేది. "మూడుసార్లూ మీరు బిగించారు. మూడుసార్లూ నేను మీ వైపు మాట్లాడాను, తెలుసా? కాస్త టైమివ్వు నాన్నా అని. ఇంత సన్న గొట్టం చూసుకోలేకపోయారా?"

"చూసుకోలేదు."

"అయితే ఇక ఇంజన్ల జోలికి రాకండి. పంక్చర్ సామాను ఆ మూలుంది."

టాక్సీ అక్క అతని వంక ఓ క్షణం అనుమానంగా చూసింది. తప్పు ఒప్పుకునే మెకానిక్కుని ఆవిడ జీవితంలో మొదటిసారి చూస్తోంది. "మేస్త్రి అల్లుడు అని రాస్తాలే," అని కారు వైపు నడిచింది.

అల్లుడు మూలకి వెళ్ళి ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. అంతదాకా అటూ ఇటూ అల్లాడిన అల్లుడు ఒక చోట కూర్చోగానే, అల్లాడ్డం మామ వంతయింది. మేస్త్రి బెంచి మీంచి లేచాడు. అల్లుడి వైపు రెండడుగులు వేశాడు. ఏదో చెప్పబోయాడు.

వీధిలో కారు ఆగి హారను కొట్టింది.

లెక్కల మాస్టారు. వెనక సీట్లో మాస్టారి భార్య, పక్కన రెండు పెట్టెలు, ఒళ్ళో మరొకటి. దూర ప్రయాణం.

"మేస్త్రీ," అన్నాడు మాస్టారు దిగకుండానే. "రెండు రోజుల్నుంచి స్టార్ట్ చేసేటప్పుడు బండి కొంచెం ముక్కుతోంది. నాకు టైము లేదు, నాలుగింటికల్లా చేరాలి. ఒక్కసారి వచ్చి మీ ముక్కు పెట్టండి. మీరు బాగుందంటే వెళ్ళిపోతాను."

మేస్త్రి కదల్లేదు. తర్వాత కదిలాడు. మాస్టారు చూస్తున్నాడు, మాస్టారి భార్య చూస్తోంది, టాక్సీ అక్క తన కారు తలుపు మీద చెయ్యేసి చూస్తోంది, కౌంటరు దగ్గర కూతురు చూస్తోంది. ఇంతమంది చూస్తున్నప్పుడు ఆ ముక్కుకి సెలవు లేదు. వీధిలోకి నడిచి, బానెట్ ఎత్తి, తల పక్కకి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచాక షెడ్డు మూలకి చూశాడు. అల్లుడు తల వంచుకుని చేతిలోని ట్యూబు వంకే చూస్తున్నాడు. పైకి చూడలేదు.

"ఏమీ లేదు," అన్నాడు మేస్త్రి. "నిశ్చింతగా వెళ్ళండి."

అప్పుడు గాలి వీధి మీంచి షెడ్డులోకి తిరిగింది.

అల్లుడు ముందు ఆ వాసన తన చేతులదే అనుకున్నాడు. చేతులు చూసుకున్నాడు. సబ్బుతో కడిగినవి. తలెత్తాడు. మాస్టారు తాళం మీద చెయ్యి వేస్తున్నాడు. అల్లుడు పీట తన్నేసి పరిగెత్తాడు. కిటికీలోంచి చెయ్యి దూర్చి మాస్టారి మణికట్టు పట్టుకున్నాడు.

"తిప్పకండి మాస్టారూ."

"ఏంటిది? మేస్త్రి బాగుందన్నాడు కదా."

"తిప్పకండి. దిగండి. అమ్మగారూ, మీరు కూడా."

చిన్నమ్మాయి కౌంటరు దాటి వచ్చేసింది. "ఇప్పుడే కదా చెప్పాను. ఇంజన్ల జోలికి రావద్దని," అంటూ గుమ్మం దాటింది. రెండో అడుగుకి మాటాగిపోయింది. ముక్కు మీద చెయ్యి వేసుకుంది. కారు కిందకి చూసింది. ముందు చక్రాల మధ్య నేల నల్లగా తడిసింది. బానెట్ లోపల ఓ పైపు నుంచి చుక్క మీద చుక్క పడుతోంది. తడి సన్నటి పాయలా పారి, ఓ పక్కకి మళ్ళి, అక్కడ నిలబడిన చెప్పుల చుట్టూ చేరింది.

చెప్పులు ఆవిడ తండ్రివి.

ఆయన అందులోనే నిలబడి ఉన్నాడు. హాయిగా, ఏమీ ఎరగనట్టు, బానెట్ మీద చెయ్యేసుకుని.

ఆవిడ భర్త వంక చూసింది. నాదే తప్పని ఒప్పుకున్న మొహం. మళ్ళీ తండ్రి వంక చూసింది.

"నాన్నా. ముందు ఇటు రా. ఆ తడిలోంచి ఇవతలికి రా."

ఆయన కిందకి చూసుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు.

"నీకు వాసన రావట్లేదా?"

మాస్టారి భార్య పెట్టె పట్టుకుని దిగుతోంది, పెట్టె తలుపులో ఇరుక్కుంది, దాన్ని ఎవరూ లాగలేదు. మేస్త్రి అల్లుడి వంక చూశాడు. అల్లుడు ఈసారి తల దించుకోలేదు, తల ఊపలేదు కూడా. జవాబుకి తనని అడ్డం పెట్టుకునే వీలు మామకి ఇవ్వకుండా, ఊరికే నిలబడ్డాడు.

"రావట్లేదమ్మా," అన్నాడు మేస్త్రి. "ఏడాదైంది. ఇన్నాళ్ళూ మీ అమ్మ దగ్గి చెప్పింది, తను వెళ్ళాక ఈ మూడు వారాలు ఊహించాను. టాక్సీ అక్కా, బోర్డు మీద నా పేరు రాయి. అల్లుడు కాదు. గొట్టం చూసింది నేను. కనుక్కున్నది తను."

టాక్సీ అక్క దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నారు అందరూ. ఆవిడ మొహంలో తిట్టు లేదు, ఇంకేదో లెక్క నడుస్తోంది.

"మేస్త్రీ," అంది. "ఈ మూడు వారాల్లో నా బండి కాకుండా, నీ ముక్కు బాగుందని చెప్పి పంపించినవి ఎన్ని?"

చిన్నమ్మాయి మనసు ఇంకా ఆ ఏడాది దగ్గరే ఉంది, టాక్సీ అక్క మనసు అప్పుడే రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.

"పదకొండు," అన్నాడు మేస్త్రి.

"ఏవేవో చెప్పు. మావాళ్ళందరూ రోడ్ల మీదే ఉన్నారు. ఎక్కడ కనబడితే అక్కడ ఆపిస్తాను." ఆవిడ ఫోన్ తీసింది.

మేస్త్రి చెప్పడం మొదలుపెట్టాడు. బేకరీ వాళ్ళ వ్యాను. పంటి డాక్టరుగారి తెల్ల కారు. స్టాండులోవే మూడు టాక్సీలు, నంబర్లతో సహా. పోస్టాఫీసు ఎదుటి ఫొటో స్టూడియో ఆయనది. జ్ఞాపకం ముక్కులా మోసం చేయలేదు. ఒక్కొక్కటీ వేళ్ళు మడుస్తూ చెప్తుంటే, టాక్సీ అక్క ఫోన్‌లో అరుస్తూ అందిస్తోంది. తొమ్మిది. పది. పదో బండిది ఈ పక్క వీధే, అల్లుడు అప్పటికే అటు పరిగెత్తబోయాడు.

పదకొండో దగ్గర మేస్త్రి ఆగాడు.

"చెప్పు మేస్త్రీ."

"అది మన ఊరి బండి కాదు. నంబరు చూడలేదు. నీలం రంగు. కొండ దారి ఎటని అడిగి, పనిలో పనిగా బండి చూడమన్నారు. ఇందాక, నేను కొట్టుకి బయల్దేరేటప్పుడు." ఆయన చేతుల్లో మడవడానికి వేలు మిగల్లేదు. "వెనక సీట్లో ముగ్గురు పిల్లలున్నారు. పిల్లలున్నారు కదా అని, రెండుసార్లు వాసన చూసి పంపాను."